దాలమ్మ ఒక్కపొద్దు

పోయిన వారం మీనాకుమారిని తాల్‌బగీచా చివర, అమ్మవారి రేకుల షెడ్డు ముందు, గంజి వార్చబోతూ ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ ఆవిరికి మొహం మాడ్చుకుంటూ వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. వీధి మొదట్లో టోటో, అదే బ్యాటరీ ఆటో, ఆగింది. చేతిసంచితో ఒక ఆడమనిషి దిగింది. ఎవరా అని మీనాకుమారి కళ్ళు చికిలించి చూసేలోపే పత్రికలో మనకి ఇచ్చిన చోటు అయిపోయింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ షెడ్డులో రోజూ మధ్యాహ్నం వీధిలోని ముసలీముతకా భోంచేస్తారు. వీళ్ళవి తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని కోసం ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబాలు. వర్క్‌షాపులో పర్మనెంటు అయినవాళ్ళు పెన్షన్లు తీసుకుని బాగానే ఉన్నారు. కాంట్రాక్టర్ల కింద బతుకు వెళ్ళదీసినవాళ్ళకి మాత్రం ఒంట్లో సత్తువ పోయాక మిగిలింది పరువొక్కటే, దాన్ని వాళ్ళు చచ్చినా వదలరు. పక్కింటివాళ్ళు గిన్నెడు కూర పంపిస్తే, ఖాళీ గిన్నె తిరిగి వెళ్ళకూడదని రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపే మనుషులు. అలాంటివాళ్ళ చేత ఊరికే అన్నం తినిపించడం ఎవరి వల్లా కాలేదు, మీనాకుమారి వల్ల అయింది. శుక్రవారం శుక్రవారం అమ్మవారి ఘటం ఇంటింటికీ తిరుగుతుంది. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందులో గుప్పెడు బియ్యం వేస్తారు. ఆ బియ్యం వండి, అమ్మవారికి చూపించి, అందరికీ వడ్డిస్తారు. అది ప్రసాదం. ప్రసాదం తినడానికి ఎవరికీ సిగ్గు లేదు.

ఘటంలో పడే బియ్యం రెండు రోజులకి సరిపోతే గొప్ప. మిగతావి ఒక ఆటలోంచి వస్తాయి. ‘గుప్పెడు’ అని ఫోన్లో ఆడే ఆట. ప్రశ్న అడుగుతుంది, సరైన జవాబు చెప్తే గుప్పెడు బియ్యం గెలిచినట్టు. మధ్యమధ్య సబ్బుల ప్రకటనలూ నూనెల ప్రకటనలూ వస్తాయి, ఆ ప్రకటనలు ఇచ్చినవాళ్ళు గెలిచిన గుప్పిళ్ళకి లెక్కగట్టి బియ్యం కొని పేదలకి పంపుతారు. దేశమంతా తీరిగ్గా కూర్చుని ఆడుకుంటే తాల్‌బగీచాలో పొయ్యి వెలుగుతుంది. విడ్డూరమే, కానీ అన్నం ఉడుకుతుంది కదా అనుకుంది మీనాకుమారి. సంచుల మీద ఆట పేరు ఉంటుంది కాబట్టి, బియ్యం డ్రమ్ములో పోసేసి సంచులు తిరగేసి దాచేది. ఈ గుట్టు ఆమెకీ, ఆ ఆటవాళ్ళ దగ్గర పని చేసే ఆమె మరిది ప్రేమ్‌కుమార్‌కీ తప్ప ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

ఆ ఆటలో ఒక ముసలమ్మ ఫొటో ఉంటుంది. ముందు ఖాళీ కంచంతో దిగాలుగా కనిపిస్తుంది. జవాబులు చెప్తున్న కొద్దీ కంచం నిండుతుంది, నిండగానే ముసలమ్మ నవ్వుతుంది. ఆ ముసలమ్మ ఈ వీధి దాలమ్మే. నాలుగు రోజుల కిందట దాలమ్మ చచ్చిపోయింది. అమ్మవారి ఒక్కపొద్దుల్లో ఉండగా పోయింది, ఎంత పుణ్యాత్మురాలో అని వీధి వీధంతా ఆమె కాళ్ళకి దండం పెట్టింది. బిలాస్‌పూర్‌లో ఉన్న కూతురు అందుకోలేకపోయింది కాబట్టి మీనాకుమారి భర్త మోహనకృష్ణే తలకొరివి పెట్టాడు.

టోటో దిగింది ఆ కూతురే. పేరు చిలకమ్మ.

ఆమె తిన్నగా షెడ్డు దగ్గరికి రాలేదు. సందులోకి తిరిగి ముందు తల్లి ఇంటికి వెళ్ళింది. మీనాకుమారి గంజి వార్చి, గుండిగ దించి, అమ్మవారి ముందు ఆకు వేసి, వడ్డనకి మనుషుల్ని పురమాయించి, ఇంక తనూ అటు వెళ్దామనుకుంటూ ఉండగా చిలకమ్మే వచ్చింది. మొహాన ఏడుపు లేదు. ఏడుస్తూ వచ్చి ఉంటే పట్టుకుని ఓదార్చేది కదా, మీనాకుమారికి ఏం చెయ్యాలో తోచలేదు.

“అప్పా,” అంది చిలకమ్మ. చిన్నప్పటి నుంచీ సొంత అక్కని పిలిచినట్టే పిలుస్తుంది. “ఆకర్న మా యమ్మ ఏటి తిన్నాది?”

“ముందు కాళ్ళు కడుక్కో సిలకా. ఎప్పుడనగా బయల్దేరినావో, రెండు ముద్దలు తిను.”

“నాను తినడానికి రానేదు. నానడిగింది సెప్పు.”

వరసలో కూర్చున్నవాళ్ళ చెవులు ఇటే ఉన్నాయి. మీనాకుమారి ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి, నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయింది.

“ఒక్కపొద్దులు పట్టినాది సిలకా. అమ్మోరి పండగ దాకా అన్నాది. నీకు తెల్దేటి? ఒక్కపొద్దులో ఉన్న మనిసి ఇంకొకల సేతి కూడు ముట్టదు. తన పొయ్యి మీద తనే వండుకుని ఒక్క పూట తింతాది. మనం ఎట్టకూడదు, ఆ కుండలోకి తొంగి సూడకూడదు. అందుకే…”

“పొయ్యిలో పిల్లి ఈనినాది,” అంది చిలకమ్మ.

మీనాకుమారికి అర్థం కాలేదు.

“మా యమ్మ పొయ్యిలో. ఇప్పుడే సూసి వత్తన్నాను. నాలుగు పిల్లలు. కళ్ళు కూడా తెరిసీసినాయి. బూడిద సల్లారిపోయి గట్టిపడిపోనాది. కుండ బోర్లించి ఉన్నాది, దాని మీద దుమ్ము నా ఏలితో గీస్తే గీత పడినాది. నాలుగు రోజుల దుమ్ము కాదప్పా అది.”

 మీనాకుమారి ఆ గుమ్మం ముందు నుంచి రోజూ రెండుసార్లు నడిచింది. గుమ్మంలో కూర్చున్న దాలమ్మని పలకరించింది. సిన్నమ్మా, అయినాదా? అని అడిగేది. అయినాదమ్మా, అనేది దాలమ్మ. ఒక్కపొద్దుల మనిషి కదా అని గుమ్మం ఇవతలే నిలబడి, ఒకసారి గడపకి దండం కూడా పెట్టుకుంది. మనిషి చిక్కిపోతూ ఉంటే, నిష్ఠ అంటే అలా ఉండాలి అని వీధిలో నలుగురితో చెప్పింది. 

“ఒక్క పూటైనా వండుకుంతందనే అనుకున్నామే,” అంది ఎలాగో.

“మా యమ్మకి ఒక్కపొద్దేటి?” చిలకమ్మ గొంతు పెంచలేదు. “మీకందరికీ మరుపొచ్చీసినాదేటి? మా నాన్న ఒళ్ళు కాలిపోయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నెలంతా ఒక్కపొద్దున్నాది. నాన్న ఎప్పుడు పోనాడు? పండగ నాడే పోనాడు. ఇంటికొచ్చి ఏటి సేసినాదో నాను సూసినాను. పసుపు కుండ బోర్లించీసి, ఇంక నీకూ నాకూ సెల్లు అన్నాది అమ్మోరితోటి. ఆయేల కాణ్ణుంచి ఘటంలో బియ్యం ఏసీది, పెసాదం తినీది. దండం మాత్రం ఎట్టీది కాదు. నువ్వెప్పుడైనా సూసినావేటి మా యమ్మ దండం ఎట్టగా?”

మీనాకుమారి చూడలేదు. షెడ్డులో దాలమ్మ ఎప్పుడూ అమ్మవారికి వీపు పెట్టి కూర్చుని తినేది. వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగిందనుకునేది తను. ఇన్నేళ్ళు వడ్డించి కూడా ఆపాటి తెలుసుకోలేని మనిషి, ఊరందరి ఆకలీ తనకే తెలుసనుకుంది.

“అంటే అది మొక్కు కాదు,” అంది మీనాకుమారి నెమ్మదిగా.

“కాదు. తినడానికి నేదు, అంతే. ఏలిముద్రలు అరిగిపోయి రేషన్ మిసను ఎప్పుడో గుర్తుపట్టడం మానీసినాది. మీ పెసాదం ఒకటే ఉన్నాది. దానికీ రావడం మానీసినాది. ఎందుకు మానీసినాదో నాకు సెప్పు.”

ఎందుకు మానేసిందో మీనాకుమారికి అప్పటికి నిజంగా తెలియదు.  ఆ సమయానికే సందులోకి ప్రేమ్‌కుమార్ మోటారుసైకిలు వచ్చి ఆగింది.

ప్రేమ్‌కుమార్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వారం వాడి మీద కోపం రాకుండా ఉండదు. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక గది తీసుకుని, ఈ చుట్టుపక్కల ఆట బియ్యం ఎక్కడెక్కడికి వెళ్ళాలో చూసుకుంటాడు. వాడు తిరగకపోతే ఊరి అవతల సాలువా వైపు పల్లెల్లోనూ, ఇక్కడా పొయ్యిలు వెలగవు. పని జరగడమే ముఖ్యం అనుకునే రకం. అలాంటివాళ్ళ వల్ల పనులు జరుగుతాయి, దాంతోపాటు ఇంకా కొన్ని జరుగుతాయి.

“వదినా, పైనుంచి మళ్ళీ ఫోను,” అంటూనే చిలకమ్మని చూసి తగ్గాడు. “నువ్వా చిలకమ్మా. ఎప్పుడొచ్చినావు? చాలా బాధగా ఉంది. అమ్మ మా అందరికీ అమ్మే.”



“ఏటి ఫోను?” అంది మీనాకుమారి.

“ఆట ఆడేవాళ్ళలో ఎవరికో దాలమ్మ చావు కబురు అందింది. ఈ అవ్వ ఆకలితో చచ్చిపోయిందట, నిజమేనా అని రాస్తున్నారు. ఒకళ్ళు రాస్తే వందమంది రాస్తారు. ఆకలితో పోయిందని తేలితే ఖరగ్‌పూర్‌ని లిస్టులోంచి తీసేస్తారు వదినా. రేపటి వ్యాను రాదు.” చిలకమ్మ వైపు తిరిగాడు. “నీ నోటితో ఒక్క మాట చెప్తే చాలు. మా అమ్మ ఆఖరి దాకా కడుపునిండా తిన్నాది, పెద్దతనం వల్ల పోనాది అని. నేను వీడియో తీసి పంపేస్తాను. కూతురు చెప్తే ఇంక ఎవరూ అడగరు. నీకోసం కాదు. ఇక్కడ తింటున్నారు చూడు, వీళ్ళకోసం.”

షెడ్డులోంచి కంచాల చప్పుడు వినిపిస్తోంది. ఎవరో పులుసు అడుగుతున్నారు.

చిలకమ్మ వాడి చేతిలో ఫోను వంక చూసింది. “ఆ ఆట నాకు తెల్దనుకుంతన్నావేటి?” అంది. “నాను రోజూ ఆడతాను.”

ప్రేమ్‌కుమార్ చెయ్యి దించాడు.

బిలాస్‌పూర్‌లో చిలకమ్మ ఒక బట్టల షాపులో పని చేస్తుంది. మంచాన పడ్డ అత్తని వదిలి రాలేక, తల్లిని చూసి రెండేళ్ళు దాటింది. షాపులో ఒక పిల్ల ఏదో ఆట ఆడుతూ ఉంటే చూసింది, అందులో తన తల్లి. మొదట మనిషిని పోలిన మనిషి అనుకుంది. తర్వాత ముక్కు పక్కన మచ్చ చూసి పోల్చుకుంది. ఆ రోజే తన ఫోన్లోకి ఆట ఎక్కించుకుంది. అత్తకి గంజి పట్టి, గిన్నెలు కడిగి, పడుకునే ముందు కూర్చుని ఆడేది. స్కూల్లో చదివిన హిందీ, లెక్కలు అన్నీ గుర్తు తెచ్చుకుని మరీ ఆడేది. కంచం నిండి తల్లి నవ్వే దాకా పడుకునేది కాదు.

“నా సేత్తో ఎడతన్నట్టే ఉండీది అప్పా,” అంది.  “దగ్గరుండి సూసుకోలేని దాన్ని, ఈమాత్రమైనా సేస్తన్నాను కదా అనుకునీదాన్ని. నాలుగు రోజుల కిందట కూడా ఆడినాను. మా యమ్మ పోయిన రేత్రి. నవ్వినాది.”

మీనాకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిలకమ్మ ఆ చెయ్యి తోసెయ్యలేదు. అలాగే ఉండి చెప్పుకుపోయింది.

“ముందు అమ్మకి సెప్పనేదు. సిగ్గు పడతాదని. దీపావళికి, కాళీపూజ నాడు ఫోన్లో మాటాడుతుంటే మరి ఆగలేక సెప్పీసినాను. అమ్మా, నీ ఫొటో నా ఫోన్లో ఉన్నాదే, రోజూ నీ కంచం నానే నింపుతున్నాను, నువ్వు తిన్న ప్రతి ముద్దా నానాడిందే అని సెప్పినాను. నవ్వుతాదనుకున్నాను. నవ్వనేదు. అప్పుడు, ఎవలెవలు సూస్తారే ఆ ఫొటో, అనడిగినాది. దేసమంతా సూస్తాదమ్మా అన్నాను. గొప్పగా సెప్పినానప్పా. ఆడు తల్లీ, బాగా ఆడు, అనీసి ఫోను పెట్టీసినాది.”

ఆ మాట వింటూనే మీనాకుమారికి అంతా తెలిసిపోయింది. 

ఆ ఫొటో తీసిన రోజు కళ్ళ ముందుకి వచ్చింది. కంచం కడిగి ఒకసారి ఖాళీగా పట్టుకో అవ్వా, అన్నాడు ప్రేమ్. ఎందుకురా అని దాలమ్మ అడిగితే, అమ్మోరి పెసాదం ఫొటో సిన్నమ్మా, గోడకి కడతారు అని జవాబు చెప్పింది తనే. అలాగైతే చీర మార్చుకుని వస్తానని దాలమ్మ ఇంటికి వెళ్ళి నేత చీర కట్టుకుని వచ్చింది. ఆ చీరతో ఖాళీ కంచం పట్టుకున్న దాలమ్మని దేశమంతా చూసింది. ఎవరింటి గిన్నే ఖాళీగా తిప్పి పంపని మనిషి. తను తిన్నది ప్రసాదం కాదని, తనని చూపించి అడుక్కున్న బియ్యమని ఆ రాత్రే ఆమెకి తెలిసింది, అదీ కన్నకూతురి నోటి నుంచి. ఆ కూతుర్ని తిట్టలేదు. ఇక్కడికొచ్చి తనని నిలదియ్యనూ లేదు. ఎవరూ అడ్డు చెప్పలేని ఒకే ఒక్క మాట వెతుక్కుంది. ఒక్కపొద్దు అంది. ఆ మాట అన్నాక ఈ వీధిలో ఎవడూ గడప దాటడని ఆమెకి తెలుసు.

“ఒక్కపొద్దు అని ఎప్పుడన్నాది అప్పా?” అని అడిగింది చిలకమ్మ.

అబద్ధాలాడటం మీనాకుమారికి కొత్త కాదు. బియ్యం గురించి ఆడింది, సంచుల గురించి ఆడింది, ఫొటో గురించి ఆడింది. అన్నీ మంచికే అనుకుని ఆడింది. ఇది మాత్రం నిజంగా మంచికే.

“గ్యాపకం నేదు సిలకా. కార్తీక మాసంలో ఎప్పుడో.”

“అదేంటి వదినా,” అన్నాడు ప్రేమ్‌కుమార్. వాడికి అసలేమీ తట్టలేదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. “కాళీపూజ మర్నాడే కదా? దాలమ్మ ఈయేల రానేదు, ఒక్కపొద్దులంట అని నువ్వే ఫోన్ చేసి చెప్పినావు.”

మీనాకుమారి వాడి వైపు చూసిన చూపుకి వాడు నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యం అయిపోయింది.

చిలకమ్మ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. పక్కన బోర్లించి ఉన్న బేసిను మీద మెల్లగా కూర్చుంది. చాలాసేపు తన రెండు చేతుల వంకే చూసుకుంది. ఆ చేతులతోనే కదా రోజూ ఆడింది. ఆ బాధ చూడటం కంటే ఆమె తనని నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండును అనిపించింది మీనాకుమారికి.

“నువ్వు కాదు సిలకా. ఆ ఫొటో తీయించింది నాను. పాపం నాది.”

“నీదీ ఉన్నాది,” అంది చిలకమ్మ తల ఎత్తకుండా. “నాదీ ఉన్నాది. ఈలందరికీ సెప్పీనా ఇప్పుడు? ఈల్లు తింతన్నది ఏ బియ్యమో?”

“సెప్తే రేపు ఎవలూ రారు. నీకు తెల్దా మన ముసిలోల్లు? ఇరవై మంది నీ కళ్ళ ముందే కంచాలు తోసీసి ఎల్లిపోతారు. ఆల ఇళ్ళల్లో కూడా కుండలు బోర్లించే ఉన్నాయే. సెప్పకపోతే ఇలగ. సెప్తే అలగ. నాకేటీ తోచడం నేదు.”

చిలకమ్మ కొంగులోంచి ఫోను తీసింది. అద్దం మీద పగులు ఉంది.

“ఒక్కసారి సూస్తాను,” అంది. “మా యమ్మని ఒక్కసారి సూసి అప్పుడు సెప్తాను, ఏటి సేస్తానో.”

“చిలకమ్మా, ఆగు,” అన్నాడు ప్రేమ్‌కుమార్. వాడి మొహంలో రంగు మారింది. “ఇప్పుడొద్దు.”

ఆమె ఆగలేదు. ఆట తెరిచింది. ఆట ఏదో నది పేరు అడిగింది, ఆమె చెప్పింది. ఏదో మాటకి అర్థం అడిగింది, చెప్పింది. అలవాటైన వేళ్ళు చకచకా కదిలాయి. తెర కింద కంచంలో మెతుకులు ఒక్కొక్కటే పోగుపడ్డాయి. కంచం నిండింది. ముసలమ్మ నవ్వింది.

చిలకమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత దాన్ని మీనాకుమారి చేతికి ఇచ్చింది.

అందులో ఉన్నది దాలమ్మ కాదు. అప్పలనర్సమ్మ. దాలమ్మ ఇంటికి ఎదురిల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కోడళ్ళుగా వచ్చారు, ఒకళ్ళ పిల్లలకి ఒకళ్ళు పాలిచ్చుకున్నారు. రోజూ మధ్యాహ్నం వరసలో మొదటి కంచం ఆవిడదే.

“పోయినవాళ్ళ ఫొటో ఉంచకూడదన్నారు,” అన్నాడు ప్రేమ్‌కుమార్. “వెంటనే మార్చమన్నారు. ఏం చెయ్యమంటావు?”

“అడిగినావా ఆయమ్మని?”

“అడిగాను. అమ్మోరి ప్రసాదం ఫొటో అన్నాను.” వాడి గొంతు చిన్నదైపోయింది. “నువ్వు నేర్పిందే కదా వదినా.”

“ఆయమ్మ సూసినాదా ఇది?”

ప్రేమ్‌కుమార్ వీధి వైపు చూశాడు. “నిన్న సాయంత్రం మార్చారు. ఈ మధ్యే వీధిలో కుర్రాళ్ళు కూడా ఆడటం మొదలెట్టారు. ఎవరైనా చూపించారేమో, నాకు తెలీదు.”

మీనాకుమారి షెడ్డు ముందుకి పరుగెత్తినట్టే వచ్చింది. వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది. ఇందాక వడ్డన హడావుడిలో చూసుకోలేదు. పక్కన కూర్చుని మజ్జిగ పోసుకుంటున్న వెంకటరావుని అడిగింది.

“తాతా, అప్పలనర్సమ్మ ఏదీ?”

“రాదు,” అన్నాడు ముసలాయన. “పొద్దుటే తలంటుకున్నాది. గడపకి పసుపు రాసినాది. ఏదో మొక్కంట.”

మీనాకుమారి ఒక కంచంలో అన్నం పెట్టింది. పులుసు పోసింది. ఎందుకు పెడుతోందో, ఆ కంచం ఇచ్చి ఏమని చెప్పాలో తెలియదు, చేతులకి తెలిసిన పని అదొకటే. సందులోకి నడిచింది. వెనకే చిలకమ్మ వచ్చింది. ప్రేమ్‌కుమార్ మోటారుసైకిలు దగ్గరే ఉండిపోయాడు.

అప్పలనర్సమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. తడి జుట్టు ముడి వేసుకుంది. గడప పచ్చగా ఉంది. మీనాకుమారి చేతిలో కంచం చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“గడప దాటకు తల్లీ. ఒక్కపొద్దు పట్టినాను.”

“ఏ మొక్కు అప్పమ్మా? ఎవలి కోసం?”

“అమ్మోరికీ నాకూ ఉంటాయి. నీకెందుకు సెప్పాల?” అంది అప్పలనర్సమ్మ. మాట మెత్తగానే ఉంది, కోపంగా కూడా లేదు. “ఇంక నాను రాను. నా కంచం ఇంకెవలికైనా ఎట్టు.”

మీనాకుమారి గడప ఇవతల ఆగిపోయింది. దాలమ్మ గుమ్మం దగ్గర ఎలా ఆగేదో సరిగ్గా అలాగే ఆగింది. తప్పని తెలుసు, అయినా కాలు లేవలేదు. పుట్టినప్పటి నుంచి ఒంటికి పట్టిన భయం ఒక్క మధ్యాహ్నంలో పోతుందా? ఎదురిళ్ళ గుమ్మాల్లోకి మనుషులు వచ్చి చూస్తున్నారు.

చిలకమ్మ ఆగలేదు. చెప్పులు కూడా విప్పకుండా పసుపు గడప దాటింది. వీధిలో ఎవరో అయ్యో అయ్యో అన్నారు. ఆమె అటు చూడకుండా ముసలమ్మ పక్కనుంచి లోపలికి నడిచి, మూలనున్న పొయ్యి ముందు వంగి, కుండ మీద మూత పట్టుకుంది.

అప్పలనర్సమ్మ లేవలేదు. తల మాత్రం తిప్పి చూసింది.

“తియ్యకు సిలకా,” అంది. “మీ యమ్మ కూడు మానీసినానని నాకొక్కదానికే సెప్పినాది, ఎందుకో నిన్న నా ఫొటో సూసినాకే తెలిసినాది. ఆ కుండ బోర్లించే ఉన్నాదని రోజూ నాకు తెలుసు. ఎదర కూకుని సూస్తా కూడా ఆ కుండ మీద నాను సెయ్యెయ్యనేదు. నా కుండ మీద నువ్వు సెయ్యెయ్యకు.”